గురుత్వ తరంగాలకు నోటిఫికేషన్

మన దేశంలో పుస్తకాలు రెండు రకాలు: నోటిఫికేషన్ వచ్చినవి, నోటిఫికేషన్ రావలసినవి. మూడో రకం ఉన్నట్టు ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు. పాతపట్నం మెర్సీకి ఆ మూడో రకం పుస్తకమే కావలసి వచ్చింది.

అది 2016. ఎక్కడో రెండు కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టిన అల భూమిని దాటి వెళ్ళిందని పేపర్లన్నీ మొదటి పేజీలో వేసిన ఏడాది. మెర్సీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించి, హైదరాబాదులో పరిశోధన సీటుకు ఇంటర్వ్యూ దాకా వచ్చింది. జూన్ ఇరవైన బోర్డు ముందు నిలబడి గురుత్వ వికిరణం గురించీ, స్థలకాలాలను ఆరు రకాలుగా విడదీసే పెట్రోవ్ వర్గీకరణ గురించీ ఇరవై నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడగలిగితే సీటు. లేకపోతే వాళ్ళ నాన్న రాబర్ట్ ముందే మాట్లాడి ఉంచిన ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతికి సామాన్యశాస్త్రం (పీఈటీ సెలవు పెట్టినప్పుడు డ్రిల్లు కూడా).

గ్రంథాలయంలో పుస్తకం తెప్పించుకునే ఫారంలో "ఏ పరీక్ష నిమిత్తం?" అని ఒక గడి ఉంది. మెర్సీ నిజాయితీగా "తెలుసుకోవడానికి" అని రాసింది. ఆ పేరుతో పరీక్ష ఏదీ జాబితాలో లేదని ఫారం తొమ్మిదో రోజున తిరిగొచ్చింది.

చివరికి విదేశంలో ఒక ప్రొఫెసరు తన పేజీలో ఉచితంగా పెట్టిన నోట్సు దొరికింది, నాలుగు వందల పన్నెండు పేజీలు. సిగ్నలు నిలకడగా ఉండేది బాప్టిస్టు చర్చి మెట్ల మీదే కనుక, మూడు తెల్లవారుజాములు అక్కడ కూర్చుని ఫోనులోకి దింపుకుంది. వెంకటరావు జెరాక్సు షాపులో ప్రింటుకిచ్చి, ఫోను నిండిపోయిందని ఫైలు తీసేసింది. ఆమె చేసిన తప్పల్లా అదొక్కటే. ఆ వారమే ప్రొఫెసరు రిటైరయ్యాడు, వాళ్ళ యూనివర్సిటీ ఆయన పేజీ మూసేసింది. (ఆఫీసులు అక్కడా ఉంటాయి.)

వెంకటరావు షాపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరేం తెచ్చినా ఒక కాపీ ఎక్కువ తీసి కౌంటరు కింద పెడతాడు. దొంగతనమని ఎవరూ అనుకోరు, ముందుచూపు అంటారు. జిల్లాలో సగం ఉద్యోగాలు ఆ కౌంటరు కింది నుంచే వచ్చాయని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళ అనుభవంలో ఆయన కనిపెట్టిన సూత్రం ఒకటే: ఉద్యోగం లేకుండా నాలుగు వందల పేజీలు ఎవరూ తీయించరు.

సోమవారం బైండింగు కోసం వెళ్ళిన మెర్సీకి షాపు నెత్తిన కొత్త ఫ్లెక్సీ కనబడింది. "గురుత్వ తరంగాలు: 180 పోస్టులు. త్వరలో నోటిఫికేషన్. పై రేకుల షెడ్డులో కోచింగ్."

"నా బైండింగేది బాబాయ్?"

"బైండింగేటమ్మా, అది మాస్టర్ కాపీ అయిపోనాది. రెండోది మసగ్గా పడినాది. దాన్నించి తీస్తే లెక్కలు కనబడవు."

"నోటిఫికేషన్ లేదు, ఏటీ లేదు! అది నా ఇంటర్వ్యూకి!"

"అందరూ అలగే అంటారు. పోటీ పెరిగిపోద్దని ఎవరూ సెప్పరు," అని వెంకటరావు మెచ్చుకోలుగా నవ్వాడు.

ఆమె లేదన్న కొద్దీ ఊళ్ళో నమ్మకం గట్టిపడింది. సాయంత్రానికి రాబర్ట్ కూడా ఆ కోచింగు అప్లికేషను పట్టుకొచ్చి, "కన్నతండ్రి దగ్గిర కూడా దాసినావేటే?" అని నొచ్చుకున్నాడు. మెర్సీకి ఏడుపొచ్చింది. ఇంటర్వ్యూకి ఇరవై ఒక్క రోజులే ఉన్నాయి.

మెటీరియల్ కోచింగులో చేరినవాళ్ళకే ఇస్తారు. చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. తన నోట్సు తను తెచ్చుకోవడానికి తన నోట్సు మీదే మెర్సీ పరీక్ష రాసింది. "పెట్రోవ్ వర్గీకరణలో రకాలు ఎన్ని? (ఎ) 4 (బి) 5 (సి) 6 (డి) పైవన్నీ." ఆరు అని గుర్తు పెట్టింది. కీ ప్రకారం సరైన జవాబు "పైవన్నీ". (కీ తయారుచేసిన నిపుణుల సంఘం వివరాలు గోప్యం.) తక్కువ మార్కులొచ్చినవాళ్ళకు బేసిక్ బ్యాచ్ అన్నారు. నోట్సు మాత్రం చేతికొచ్చింది.

బేసిక్ బ్యాచ్‌కు మేష్టారు లేడు. వచ్చినవాళ్ళలో తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పుకోవాలి. తెలిసింది మెర్సీ ఒక్కతే. రేకులు కాగిపోతుంటే నలభై ముగ్గురికి స్థలకాలం వంగడం చెప్పింది. మూలానికి బాగా దూరం వెళ్ళాక అల పెట్రోవ్ ఆరింటిలో 'ఎన్' అనే రకంగా మిగులుతుందని చెప్తే, అందరూ అది ముఖ్యమైన బిట్టా కాదా అని అడిగి రాసుకున్నారు.

అడగనిది వెంకటరావు కూతురు దీపిక. డిగ్రీ రెండో ఏడు. "అక్కా, ఆ అల మనమీంచి ఎళ్తే కొలిసే బద్ద కూడా సాగిపోద్ది గదా. మరి సాగినాదని ఎలగ తెలస్తాది?"

మెర్సీ సుద్దముక్కతో ఆ ప్రశ్నను నల్లబల్ల మీద రాసింది. తనకు తట్టని ప్రశ్న. రెండు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా తన్నుకుని, మూడో రోజున జవాబు పట్టింది: బద్దతో కాదు, వెలుతురు పోయి రావడానికి పట్టే సమయంలో తేడాతో తెలుస్తుంది. చెప్తే దీపిక ముఖం వెలిగిపోయింది. ఎమ్మెస్సీ రెండేళ్ళలోనూ మెర్సీకి అంత సంతోషం కలగలేదు. (బిట్టు రూపంలో లేని ప్రశ్న అడిగినందుకు దీపికకు యాజమాన్యం మెమో ఇచ్చింది. యాజమాన్యం ఇంట్లోనే ఉంది కనుక అన్నం దగ్గర ఇచ్చింది.)

హైదరాబాదులో బోర్డు మూడో ప్రశ్నగా అడిగింది అదే. మెర్సీకి సీటొచ్చింది.

జూలై ఆఖరున ఆమె పెట్టె సర్దుకుంటుంటే దీపిక వగర్చుకుంటూ వచ్చింది.

"అక్కా, పేపర్లో ఏటీ పడలేదని నాన్నకి అనుమానమొచ్చీసినాది. సోమారం నించి బ్యాచ్ మూసీసి నన్ను జెరాక్సు మిషను కాడ కూకోమంటన్నాడు."

"నోటిఫికేషన్ లేదని నీకూ తెలుసు గదే?"

"మొదట్నించీ తెలుసు. ఉద్యోగమొస్తాదంటేనే సదవనిస్తారక్కా. ఊరికే తెలుసుకుంటానంటే ఎవరు పంపుతారు?"

రెండు నెలలుగా కనబడిన ప్రతివాడికీ నోటిఫికేషన్ లేదని చెప్పి చెప్పి మెర్సీ గొంతు పోయింది. ఆ పిల్ల ముఖం చూసి, చెప్పులేసుకుని షాపుకు నడిచింది.

వెంకటరావు మిషను ఆపి ఆమెను పక్కకు పిలిచాడు. "నువ్వు సర్చికెళ్ళే పిల్లవి. అబద్ధమాడవు. నిజం సెప్పు, నోటిఫికేషన్ వస్తాదా, రాదా?"

"వస్తాది బాబాయ్."

"ఎప్పుడు?"

"సిలబస్ పెద్దది. దీపికని మానిపించకండి. ఆ పిల్లకి తప్పకుండా వస్తాది."

వెంకటరావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పర్మినెంటేనా?"

"పర్మినెంటే," అంది మెర్సీ.