ఫ్రిజ్ విభజన

రాజురాలో ఆ ఎండాకాలం ఎవరి నోట విన్నా తెలుగు రాష్ట్రం విభజన మాటే. ఊరు మహారాష్ట్రదే అయినా ఇంటికొక చుట్టం ఆదిలాబాదు జిల్లాలో ఉంటాడు కాబట్టి, టీవీల్లో తెలుగు వార్తలు పొద్దస్తమానం మోగుతుండేవి. ఫైళ్లు ఎవరికి, నీళ్లు ఎవరికి, ఉద్యోగులు ఎవరికి అని అక్కడ పెద్దపెద్దవాళ్లు తగువులాడుకుంటుంటే, ఇక్కడ నాగేశ్వర్ తన ఇంటి ఫ్రిజ్‌ను విడదీయడానికి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు.

రాష్ట్రం పని అనుకున్న రోజుకు అయిపోయింది. నాగేశ్వర్ పనే తేలలేదు.

నాగేశ్వర్‌కు యాభై నాలుగేళ్లు. ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల కాంటా మీద ఇరవై రెండేళ్లు పనిచేశాడు. ఎంతటి లారీ అయినా ఆయన చెయ్యి ఊపితేగానీ కదిలేది కాదు. డ్రైవర్లందరూ "కాంటా సాబ్" అని పిలిచేవాళ్లు. హోలీ పండుగ వెళ్లిన మూడు వారాలకు కంప్యూటర్ కాంటా వచ్చింది. దానికి సాబ్ అక్కర్లేదట. కాంట్రాక్టరు ఒక శాలువా కప్పి ఇంటికి పంపాడు. చంద్రపూర్ జిల్లా ఎండల్లో, ఏప్రిల్ నెలలో, ఉన్ని శాలువా!

అప్పటినుంచి ఇల్లు నడుస్తున్నది భార్య అనసూయ మోటారు కుట్టుమిషను మీద. ఆమె కుట్టే జాకెట్లకు ఊళ్లో పేరుంది. పెళ్లిళ్ల కాలం కావడంతో ఆమెకు తల ఎత్తే తీరిక లేదు. ఆయనకు తల దించుకోవడం తప్ప పని లేదు.

అలాంటి సమయంలో ఫ్రిజ్ చచ్చిపోయింది. మెకానిక్ వచ్చి, దాని పక్కకు చెవి ఆనించి, డాక్టరు పెదవి విరిచినట్టు విరిచి వెళ్లిపోయాడు.

"పాత సామాన్లు కొనే భంగార్ బాపురావును పిలిచి ఇచ్చేద్దాం. ఎంతిస్తే గంత" అంది అనసూయ, మిషను తొక్కుతూనే.

నాగేశ్వర్ నవ్వాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. "ఏమే, పిచ్చిదానా! ఫ్రిజ్‌ను ఫ్రిజ్‌లాగ అమ్మితే ఇనుము ధర ఇస్తడు. ఇప్పి అమ్మితే రాగికి రాగి ధర, అల్మినానికి అల్మినం ధర. దీంట్ల ఎంత రాగి ఉంటదో తెల్సా నీకు?"

"నాకేం తెల్సు? నేను దాంట్ల పెరుగే పెట్టిన."

"పొద్దుమూకే లోపల ఇప్పి పడేస్త, సూడు."

"ఏ పొద్దు?" అంది అనసూయ.

మొదటి రోజు స్క్రూలతోనే సరిపోయింది. మొత్తం నలభై ఒకటి. అందులో ముప్పై ఎనిమిది వచ్చాయి. మిగతా మూడు తుప్పు పట్టి, అత్తింటికి పోనని మొండికేసిన కూతుళ్లలా అక్కడే ఉండిపోయాయి. వాటికోసం ఉలి కొన్నాడు. ఉలికోసం సుత్తి కొన్నాడు. సుత్తి వేలిమీద పడ్డందుకు టించరు కొన్నాడు.

రెండో రోజు వెనకాల రేకు ఊడదీస్తే లోపల పసుపు పచ్చని స్పంజు బయటపడింది. దాన్ని గీకితే పొడి. ఆ పొడి ఇల్లంతా లేచి, అనసూయ కుడుతున్న పెళ్లికూతురు జాకెట్టు మీద వాలింది.

"ఇంజినీరు సాబ్, జర ఆపుతవా? పెండ్లిపిల్లకు నలుగు ఇక్కడనే పెట్టిచ్చేటట్టున్నవ్."

మూడో రోజు ఒక గొట్టం కోశాడు. అది బుస్సుమని లేచింది. నాగేశ్వర్ వెనక్కి గెంతి నీళ్ల తొట్టిలో కూర్చున్నాడు. ఆ ఎండకు అది మాత్రం హాయిగానే ఉంది. కాసేపు లేవలేదు.

కంప్రెసర్ అనే నల్లని గుండు ఒకటి అడుగున దొరికింది. రాగి అంతా దాని కడుపులోనే ఉంటుందని ఎవరో చెప్పారు. దాన్ని కోయడానికి రంపం తెచ్చాడు. ఒక బ్లేడు విరిగింది. రెండోది విరిగింది. ఆరో బ్లేడు కూడా విరిగేసరికి గుండు మీద వెంట్రుకంత గీత పడింది.

వసారాలో మంచం మీద పడుకుని ఇదంతా చూస్తున్న తల్లి గంగవ్వ ఇక ఉండబట్టలేకపోయింది. ముసలమ్మకు డెబ్బై ఆరేళ్లు.

"నాగేశా, యాభై ఆరుల మనల్ని హైదరాబాదు రాజ్యం నుంచి ఇడదీసిండ్రు. ఒక్క పొద్దుల అయిపోయింది. పండుకున్నప్పుడు నిజాం ఊరోళ్లం, లేసేసరికి బొంబాయోళ్లం. నువ్వేంది బిడ్డా, ఒక్క డబ్బకు ఇన్ని దినాలా?"

"గప్పుడు స్క్రూలు లేకుండె అవ్వా" అన్నాడు నాగేశ్వర్ నీరసంగా.

కంప్రెసర్ లొంగలేదని అటక మీది పాత కూలరు దించాడు. దాని మోటారు విప్పితే లోపల ఎర్రగా మెరిసే తీగ! ప్రాణం లేచొచ్చింది. భార్యను కేకేసి పిలిచాడు. అనసూయ వచ్చి, గోటితో తీగను గీకింది. ఎరుపు రంగు ఊడి తెల్లగా బయటపడింది.

"అల్మినం. పైన పూత" అంది. "సంబంధాల పేరయ్య చెప్పిన పిల్లగాని లెక్క."

నాగేశ్వర్ ఆ తీగను చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. తననుకూడా ఎవరో ఇలాగే గీకి చూసి పక్కన పెట్టినట్టు అనిపించింది. 

మిగిలిందల్లా వైర్లు. వాటిమీది రబ్బరు వలవాలంటే రోజులు పడుతుంది, కాలిస్తే నిమిషంలో రాగి చేతికొస్తుంది. పెరట్లో కుప్ప పోసి అగ్గిపుల్ల గీశాడు. నల్లటి పొగ నిలువునా లేచి, గోడ దాటి, పక్కింటి మల్లవ్వ మేడమీద దిగింది. మేడమీద ఆమె తెల్లచీర పరిచి గోధుమపాల వడియాలు, కుర్డయీలు అంటారు, ఎండబెట్టింది. ఏడాదికి సరిపడా. పొద్దున తెల్లగా పెట్టినవి మధ్యాహ్నానికి బొగ్గు గనిలోంచి తీసినట్టయ్యాయి.

మల్లవ్వ గోడ దగ్గరికి వచ్చింది. "ఓ భంగార్ నాగేశూ! నా కుర్డయీలు గూడ కాంటా పెట్టుకోరాదు! బొగ్గు కోళ్సా ధర పలుకుతయి!"

ఆ పేరు సాయంత్రానికి వాడకట్టంతా పాకింది. ఇరవై రెండేళ్లలో సంపాదించిన "కాంటా సాబ్" అన్న పేరు ఒక్క పూటలో పోయింది. మర్నాడు పొద్దున లేచి తలుపు తీస్తే గడప ముందు ఎవరో విరిగిన ఇస్త్రీపెట్టె, చిల్లుపడ్డ గీజరు పెట్టి వెళ్లారు. దానం చేసినట్టు.

తొమ్మిదో రోజున నాగేశ్వర్ ఓటమి ఒప్పుకున్నాడు. కంప్రెసర్‌ను కోయకుండానే సైకిలు వెనక కట్టుకుని బాపురావు కొట్టుకు పోయాడు. వెంట గుప్పెడు మసిబారిన రాగి.

బాపురావు కంప్రెసర్‌ను తూకం మీద పెట్టాడు. "సాత్ కిలో. ఏడు."

నాగేశ్వర్ చేతులకు తెలుసు. దాన్ని ఎత్తి దించి ఎత్తి దించి వారం అయింది. తొమ్మిదికి చిటికెడు తక్కువ కాదు. "బాపురావు, నీ కాంటా రెండు కిలోలు తక్కువ సూపుతుంది."

బాపురావు పళ్లు కుట్టుకుంటూ అన్నాడు: "భావు, కంపెనీ కాంటా వేరు, బజారు కాంటా వేరు. పటత్ నసేల్ తర్ ఘేఊన్ జా. నచ్చకుంటే తీస్కపో."

తీసుకుపోవచ్చు. నలభై ఆరు డిగ్రీల ఎండలో, ఆ గుండుతో, మల్లవ్వ ఇంటి ముందునుంచి. నాగేశ్వర్ ఒక్క క్షణం నిలబడి, చేయి చాచాడు. వేల టన్నుల సిమెంటును గ్రాము తేడా లేకుండా తూచినవాడు ఏడు కిలోల దగ్గర తల వంచాడు. వచ్చిన డబ్బు రంపం బ్లేడ్లకు, ఉలికి, టించరుకు కూడా చాలలేదు. ఇంటికొచ్చి ఆ సంగతంతా భార్యతో చెప్పి, ఆ రాత్రి అన్నం వద్దన్నాడు.

రెండు రోజులు అనసూయ మిషను మీదినుంచి లేవలేదు. మూడో రోజు బజారుకు పోయి వచ్చి, చెప్పులు విడుస్తూ అంది: "రామకిషన్ సేటు దుకాణంల పాత ఫ్రిజ్ ఇస్తే కొత్తదాంట్ల రెండు వేలు తగ్గిస్తరట. జూన్ నెలాఖరు దాక."

నాగేశ్వర్ గోడవారగా ఉన్న కుప్ప వైపు చూశాడు. రేకులు, అరలు, స్క్రూల డబ్బా, తలుపు. "మరి మనది..."

"సేటును అడిగిన. ఒక్క స్క్రూ తక్కువున్నా తీస్కోడట. ఎట్ల ఇప్పినవో గట్లనే బిగించాలె. ఆ గుండు గూడ ఉండాలె."

"గుండు బాపురావు దగ్గరుంది కదనే!"

"నడువ్. నేను గూడ వస్త."

బాపురావు కంప్రెసర్‌ను కుప్పలోంచి లాగి, గుడ్డతో తుడిచాడు. తుడిచేసరికి దాని హోదా పెరిగింది. "ఇది ఇప్పుడు భంగార్ కాదు వహినీ. పార్ట్. మీరు తెస్తే భంగార్, తీస్కపోతే పార్ట్."

"సరే. పార్ట్ అయితే పార్టే. కిలోకు ఎంత?" అంది అనసూయ.

కిలో లెక్క అనగానే బాపురావు ముఖం వెలిగింది. రెట్టింపు ధర చెప్పి, తూకం మీద పెట్టి, అలవాటుగా ఒక మీట జరిపాడు. "నవ్ కిలో. తొమ్మిది."

కొట్టు ముందు పాత డబ్బాలు, కాగితాలు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అనసూయ వాళ్లందరికీ వినబడేలా గొంతు పెంచింది.

"ఏమయ్యా బాపురావు, వచ్చినప్పుడు ఏడు కిలోలుండె. మూడు దినాలల్ల రెండు కిలోలు బలిసిందా? ఏం పెట్టినవయ్యా దీనికి? జర చెప్పు, మా అత్తమ్మకు గూడ పెడ్త, బాగ చిక్కిపోయింది."

ఆడవాళ్లు తమ సంచుల వైపు, తూకం వైపు మార్చిమార్చి చూశారు. ఒకామె అడుగు వెనక్కి వేసింది. బాపురావు దండం పెట్టాడు. ఇచ్చిన డబ్బుకే కంప్రెసర్‌ను తిరిగి సైకిలు మీద తానే కట్టాడు.

దారి పొడుగునా నాగేశ్వర్ సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. ఆ మాట తాను అనాల్సింది. ఇరవై రెండేళ్లు కాంటా ముందు కూర్చున్నవాడికి అది తట్టలేదు, జాకెట్లకు గుండీలు కుట్టే ఆమెకు తట్టింది.

బిగించడం మొదలుపెట్టాడు. విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో రాసుకోలేదు. అరలు తలకిందులుగా పట్టాయి. తలుపు ఎడమవైపు తెరుచుకునేది కుడివైపు తెరుచుకుంది. కోసిన గొట్టాన్ని టేపుతో చుట్టాడు. గీకేసిన స్పంజు పొడిని ఊడ్చి సంచిలో వేసి, ఆ సంచినే లోపల కుక్కాడు. ఎండ నడినెత్తిన ఉన్నా, చెమట కళ్లలోకి కారుతున్నా లేవలేదు. గంగవ్వ మంచం మీదినుంచి స్క్రూలు ఒక్కొక్కటే అందించింది. నాలుగో రోజు సాయంత్రానికి ఫ్రిజ్ నిలబడింది. కాస్త ఒరిగి, ఒక కాలు నొప్పి ఉన్నదానిలా. పదకొండు స్క్రూలు మిగిలాయి. అవి ఎక్కడివో దేవుడికే తెలియాలి. జేబులో వేసుకున్నాడు.

కొత్త ఫ్రిజ్‌తో టెంపో వచ్చింది. ఇద్దరు కూలీలు కొత్తది దించి, పాతదాన్ని ఎత్తారు. లోపల ఏదో గలగలమంది. నాగేశ్వర్ గుండె కూడా గలగలమంది. వాళ్లు పట్టించుకోలేదు.

"ఒక్కసారి తలుపు తీసి సూడుండ్రి. అన్నీ ఉన్నయ్" అన్నాడు టెంపో డ్రైవరుతో.

"కశాలా కాకా, ఎందుకు?" అన్నాడు డ్రైవరు తాడు కడుతూ. "సేటుకు పెట్టె, తలుపు ఉంటే సాలు. లోపట ఏమున్నా లేకున్నా గదే రేటు. ఇందాక ఒకాయన లోపట ఎలుకతోని ఇచ్చిండు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"సేటే చెప్పిండు. మీ ఇంటామెకు గూడ గదే చెప్పిండు కద, నేను అక్కడనే ఉన్న."

టెంపో వెళ్లిపోయింది. దుమ్ము అణిగింది. నాగేశ్వర్ మెల్లగా లోపలికి వచ్చాడు. అనసూయ సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"పెట్టె ఉంటే సాలన్నడట."

"ఆఁ."

"నీకు ముందుగాలే తెల్సు."

"ఆఁ."

"మరి నాతోని నాలుగు దినాలు ఎందుకు బిగింపిచ్చినవే? ఆ గుండుకోసం బాపురావు దగ్గరికి ఎందుకు పోయినవ్?"

దారం ఎక్కింది. అనసూయ దాన్ని పంటితో తుంచి, ముడి వేసింది. "వాడు నిన్ను తక్కువ తూచిండు. నేను ఊకుంటనా? ఇగ బిగించుడంటవా, నువ్వు మళ్ల ఏదన్న ఇప్పకుండ ఉంటవని. నా మిషను దిక్కు గూడ సూస్తుంటివి. దాని మోటారుల రాగి ఎంతున్నదని అత్తమ్మను అడిగినవట."

నాగేశ్వర్ నేల వైపు చూశాడు. అడిగిన మాట నిజమే.

"ఇంకోటి" అంది ఆమె, ఈసారి తల ఎత్తకుండా. "నౌకరి పోయినకాంచి దినామంత గోడ దిక్కు సూసుకుంట కూసుంటున్నవ్. ఈ నాలుగు దినాలు సూడలే."

 కోపం తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. నవ్వుదామంటే అదీ రాలేదు. పోయి కొత్త ఫ్రిజ్ ముందు నిలబడి తలుపు తీశాడు. లోపల దీపం వెలిగింది. ఏమీ లేదు, ఖాళీ అరలు. చల్లగాలి ముఖానికి తగిలింది. చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"తలుపు మూయ్" అంది అనసూయ మిషను తొక్కుతూ. "కరెంటు కాలుతుంది."

నాగేశ్వర్ తలుపు మూశాడు.