అమ్మా, కోడ్!

“అది దాని ఫైలు. నంబరు కూడా దానిదే ఉండాలి. ఇందులో నీకు అర్థం కానిదేముంది శశీ?”

విశ్వనాథం ఈ మాట అనడం పొద్దుటి నుంచి మూడోసారి. శశికళ పెనం మీద దోసె తిరగేసింది.

“ఉన్న నంబరుకి ఏమొచ్చిందండీ? కిండర్‌గార్టెన్ నుంచి అదే నంబరు.”

“దానికి ఇరవై రెండేళ్ళు.”

“నంబరుకీ అంతే.”

విశ్వనాథం ప్లేటు తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు. ఎడిసన్‌లోని ఆ ఇంట్లో ఆయన ఆఫీసు అదే. ఎనిమిదింటికి దిగితే ఆరింటికి పైకొస్తాడు. మధ్యలో ఒకసారి చెవులకి హెడ్‌సెట్‌తో వచ్చి, ఎవరి మాటలకో తలూపుతూ అన్నం తినేసి వెళ్తాడు.

గొడవ కూతురి గురించి. ప్రణవి కాలేజీ అవగానే దేశసేవ అంటూ యువ సేవా దళంలో చేరింది. నెబ్రాస్కాలో ఏదో చిన్న ఊళ్ళో వేశారు. చెట్లు నాటడం, ముసలివాళ్ళ ఇళ్ళకి మెట్లు బాగుచేయడం పని. ఆ దరఖాస్తు నింపింది శశికళే. స్కూలు ఫారాలూ, సమ్మర్ క్యాంపులూ, పళ్ళ డాక్టరూ అన్నీ నింపిన చెయ్యి కాబట్టి, ఫోన్ నంబరు గడి దగ్గరికి వచ్చేసరికి అది తనంతట తనే తన నంబరు రాసేసింది. ఫలితంగా ప్రణవి పనిగంటలు వేసుకోవడానికి అకౌంట్ తెరిచినప్పుడల్లా ఆరంకెల కోడ్ శశికళ ఫోన్‌కి వస్తుంది. రోజూ.

“అమ్మా, కోడ్.”

“నాలుగు, ఒకటి, ఏడు... తిన్నావా?”

“తిన్నా. మిగతావి?”

“ఏం తిన్నావ్?”

“అమ్మా!”

“చెప్తున్నా కదే. తొమ్మిది. అక్కడ చలిగా ఉందా?”

ఆ కోడ్ పది నిమిషాలు పనిచేస్తుంది. తొమ్మిదో నిమిషం దాటకుండా శశికళ ఆరో అంకె ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ప్రణవి రికార్డులో నంబరు సరిచేయిస్తానంటోంది. సరిచేయడానికీ కోడ్ కావాలి. అందుకని ఈ నెలలో మూడుసార్లు శశికళ ఫోన్ ‘ఛార్జింగ్‌లో’ ఉంది. నాలుగోసారి ఆ మాట చెల్లదని ఆమెకి తెలుసు. గిన్నెలు కడిగేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నంబరు పోయేటట్టయితే పిల్లనే దగ్గరికి తెచ్చుకోవాలి.

పాస్‌వర్డ్ ఆరో తరగతిలో లైబ్రరీ కోసం తల్లీకూతుళ్ళు కలిసి పెట్టుకున్నదే. ‘రికార్డు సవరణ’ పక్కనే ‘వేరేచోటికి బదిలీ’ అని ఉంది. నొక్కింది. కారణం అడిగింది: ఆరోగ్యం, భద్రత, కుటుంబ ఇబ్బంది. మూడోది ఎంచింది. ఇబ్బంది ఏమిటని అడిగితే ‘అమ్మ ఒక్కతే ఉంటుంది’ అని రాసింది. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగింది. కింద నుంచి విశ్వనాథం ఎవరికో స్క్రీన్ షేర్ చేయమని చెప్పడం వినిపిస్తోంది. ‘ఎవరూ లేరు’ అన్నచోట టిక్ పెట్టింది.

గంటలో ఫోన్ మోగింది.

“ప్రణవితోనేనా మాట్లాడేది?” అంది ఇంగ్లీషులో ఒక పెద్దావిడ గొంతు. ఆవిడ పేరు మార్గరెట్. దళంలో పిల్లల యోగక్షేమాలు చూస్తుంది.

పళ్ళ డాక్టరు ఆఫీసులకి పదిహేనేళ్ళుగా అలవాటైన జవాబు శశికళ నోట్లోంచి వచ్చేసింది. “యెస్.”

“మీ అమ్మగారి గురించి చదివాను. ఎలా ఉన్నారావిడ?”

శశికళ ఎలా ఉందని ఇంత సూటిగా అడిగినవాళ్ళు ఈమధ్య లేరు.

“బాగానే ఉంటుందండీ,” అంది. “పిండి ఇప్పటికీ నలుగురికి సరిపడా రుబ్బుతుంది. తర్వాత మూడు రోజులు తనే తింటుంది.”

“ఊఁ. ఇంకా?”

“మధ్యాహ్నం గ్యారేజ్ తలుపు చప్పుడైతే లేచి వెళ్ళి చూస్తుంది. పక్కింటివాళ్ళది. పక్కింటివాళ్ళదని తెలిసే వెళ్తుంది.”

ఆవిడ ‘అయ్యో’ అనలేదు, సలహా ఇవ్వలేదు, వింటూ కూర్చుంది. శశికళ కూతురి పేరు మీద తన సంగతులు నలభై నిమిషాలు చెప్పుకుంది. చివరికి మార్గరెట్ మెల్లగా అడిగింది. “మరి మీ నాన్నగారు?”

శశికళ బేస్‌మెంట్ తలుపు వైపు చూసి పొడుగ్గా నిట్టూర్చింది.

“ఓ... క్షమించమ్మా. ఎన్నాళ్ళయింది?”

“మూడేళ్ళు,” అంది శశికళ. ఆయనకి ఇంటి నుంచి పని మొదలై అప్పటికి మూడేళ్ళు.

మార్గరెట్ ఆ బదిలీ దరఖాస్తు మీద ‘అత్యవసరం’ అని వేసింది.

గురువారం శశికళ కూరగాయలకని ఓక్ ట్రీ రోడ్‌కి వెళ్ళినప్పుడు తలుపు చప్పుడైంది. విశ్వనాథం హెడ్‌సెట్‌తోనే తీశాడు. దళం లోకల్ శాఖ నుంచి ఇద్దరు అమ్మాయిలు. ఒకరి చేతిలో పూలు, ఒకరి చేతిలో వేడివేడి పాస్తా ట్రే. పూలున్న అమ్మాయి ఎవరో చుట్టమనుకుని ముందుకొచ్చి కావలించుకుంది.

“మీకు జరిగిన నష్టానికి చాలా బాధగా ఉంది సార్.”

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడికి ఈ మాట ఒక్క సందర్భంలోనే వినిపిస్తుంది: ఉద్యోగం పోయినప్పుడు. విశ్వనాథం ట్రే అందుకున్నాడు. “మీకెవరు చెప్పారు?”

“ఆఫీసు నుంచే వచ్చింది సార్.”

ఆయన పాస్తాతో సహా కిందికి దిగి, తన ఆఖరి రోజు ఎప్పుడో చెప్పమని మేనేజరుకి మర్యాదగా మెసేజ్ పెట్టాడు. ఏమీ తెలియని మేనేజరు, ఆ లిస్టులో తన పేరు కూడా ఉందా అని పై మేనేజరుని అడిగాడు. సాయంత్రానికి ఆ టీమ్‌లో పదకొండు మంది రెజ్యూమెలు సరిచేసుకున్నారు.

శశికళ సంచులతో లోపలికొచ్చేసరికి ఆయన వంటింట్లో కూర్చుని, ట్రేలోంచే తింటున్నాడు. ఏమైందని అడిగేలోగా ప్రణవి ఫోన్. శశికళ అలవాటుగా స్పీకర్‌లో పెట్టి, కోడ్ కోసం మెసేజులు వెతికింది. కోడ్ రాలేదు.

“అమ్మా, నాన్న ఎప్పుడు చచ్చిపోయాడు?”

“ఏం మాటలే అవి! ఇదిగో, ఇక్కడే పాస్తా తింటున్నారు.”

“నా టీమ్ అంతా క్రై చేశారు! కేక్ తెచ్చారు, కార్డ్ ఇచ్చారు. నాకేమీ తెలీదు, నేను థాంక్యూ అన్నా! మా బాస్‌కి ట్రూత్ చెప్తే నవ్వాడు. కానీ ట్రాన్స్‌ఫర్ అడిగానని నా ప్లేస్ వేరే పర్సన్‌కి ఇచ్చేశారంట.”

“నేను పోయానా?” అన్నాడు విశ్వనాథం చెంచా పట్టుకుని. ఉద్యోగం పోలేదని అర్థమయ్యాక మొహం కొంచెం తేటపడింది.

“మరిప్పుడెలాగే?” అంది శశికళ.

“రెండే ఓపెనింగ్స్. న్యూవార్క్, లేకపోతే అలాస్కా. రేపు ఫైవ్ లోపల చెప్పాలి.”

న్యూవార్క్ ఇంటి నుంచి అరగంట. శశికళ ఫోన్‌ని దగ్గరికి జరుపుకుంది. మాట కలపడానికన్నట్టు, “అలాస్కాలో ఏం చేస్తారే?” అంది.

ప్రణవి కోపం మర్చిపోయింది. నది పక్కన టెంట్లట, చేపలు ఎదురీదుకుంటూ వస్తుంటే నీళ్ళలో నిలబడి లెక్కపెట్టాలట, చిన్న విమానంలో తప్ప ఆ ఊరికి దారే లేదట. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఉన్నట్టుండి ఆగింది.

“బట్ న్యూవార్క్ తీసుకుంటాలే అమ్మా.”

“ఏం?”

“మార్గరెట్ నోట్స్ నా ఫైల్‌లో ఉంటే బాస్ చూపించాడు. చదివా. పిండి గురించి... గ్యారేజ్ డోర్ గురించి.” గొంతు తగ్గింది. “నాకు రేపు ఫుల్ డే వర్క్ ఉంది. నువ్వే క్లిక్ చెయ్. కోడ్ నీకే వస్తుంది కదా.”

విశ్వనాథం చెంచా కింద పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం హెడ్‌సెట్ లేకుండా పైకొచ్చి, పప్పులో ఏం ఆకు వేశావని అడిగాడు. తోటకూర అంది. బావుందన్నాడు. జేబులో ఫోన్ మోగితే కిందికి వెళ్ళాడు.

నాలుగింటికి శశికళ ల్యాప్‌టాప్ తెరిచింది. ముందు భర్తని ఇంట్లో చేర్చింది. తర్వాత ఫోన్ గడిలో తన నంబరు చెరిపి ప్రణవిది పెట్టింది. నిర్ధారించుకోవడానికి ఆఖరి కోడ్ తన ఫోన్‌కే వచ్చింది. చదివి వినిపించడానికి ఎవరూ లేరు. ఆరంకెలూ ఒక్క ఊపున కొట్టేసింది. ఆ తర్వాత ఊర్ల పేర్లు రెండూ పక్కపక్కన వచ్చాయి. చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రం అందరూ వీడియోలో కలిశారు. సియాటిల్ నుంచి కొడుకు ధృవ్, “వెల్కమ్ బ్యాక్ డాడ్!” అని నవ్వుతున్నాడు. క్యాంపులో మంచం మీద ప్రణవి తడిజుట్టు తుడుచుకుంటోంది. విశ్వనాథం, ఆఫీసులో పదకొండు మందికీ పోయింది ఉద్యోగాలు కాదనీ, తనేననీ ఎలా సర్దిచెప్పాడో వర్ణిస్తున్నాడు.

శశికళ స్టవ్ పక్కన గట్టు తుడుస్తూ, “ప్రణవి అలాస్కా వెళ్తోంది. నొక్కేశాను. మార్చడానికి ఇక వీల్లేదట,” అంది.

తువ్వాలు ఆగిపోయింది. “అమ్మా! నన్ను అడగకుండానా?”

“అడిగితే ఇంటికొస్తానంటావు.”

శశికళ గుడ్డ పిండి ఆరేసింది.

కుటుంబ ఇబ్బంది అన్నచోట ‘ఏమీ లేదు’ అని ఆ మధ్యాహ్నమే సవరించింది. ఆ సంగతి కనుక్కోవడానికి మాత్రం ఎవరూ ఫోన్ చేయలేదు.