పొదుపు చేయబోయి పొదిగాను

మా ఇల్లు గంగారం అవతల చేనులో ఉంది. కరెంటు స్తంభాలు ఊరి చివరిదాకా వచ్చి, మా ఇంటివైపు చూసి నీరసపడి ఆగిపోయాయి. అందుకే సోలార్ పెట్టించుకుందామని నేనూ మా ఆవిడ సారక్కా అనుకున్నాం. ఆవిడకు గుడ్లు పొదిగే మిషను నడవాలి. నాకు టీవీలో క్రికెట్ నడవాలి. రెండోది నేను పైకి అనలేదు.

మహబూబాబాద్ నుంచి సోలార్ హన్మంతు వచ్చాడు. క్యాలిక్యులేటర్‌ను అడగకుండా మంచినీళ్లు కూడా తాగని మనిషి.

"పోశాలన్నా, ఏమేం నడుస్తయి? దినాం ఎన్ని గంటలు?"

సారక్క కోళ్ల దగ్గరుంది. ఇదే అదను.

"రెండు బల్బులు, ఒక ఫ్యాను. మిషను నాలుగు గంటలు నడిస్తె సాలు."

"కోడి నాలుగు గంటలు కూసొని లేసి పోతదా అన్నా?"

"మా కోళ్లు పోతయి."

"ముసురు పడితే ఎండ లేకున్నా మూడు దినాలు నడవాలె. నాలుగు బ్యాటరీలన్న ఉండాలె."

"గంగారంల ముసురేంది? ఒక్కటి పెట్టు. పొదుపు సంగతి నాకు తెల్వదా?"

మిగిలిన డబ్బుతో నలభై మూడంగుళాల టీవీ తెచ్చాను.

"గిదేంది?" అంది సారక్క.

"సోలారోళ్లు ఫ్రీగ ఇచ్చిన్రు. పొదుపు చేసినోళ్లకు ఇస్తరట."

"సోలార్ ప్లేటు కంటె గిదే పెద్దగున్నది!"

ఎండలు కాసినన్నాళ్లూ నాకంటే తెలివైనవాడు మండలంలో లేడు. శ్రావణంలో ముసురు పట్టింది. రెండోరోజు సాయంత్రం మ్యాచ్. మిషనులో వంద గుడ్లు, ఇరవయ్యో రోజు. ఇన్వర్టర్ మీద ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంటే, కంటికి అడ్డమని తువ్వాల కప్పి ఆఖరి బంతిదాకా చూశాను. గెలిచాం.

తెల్లారేసరికి మిషను చల్లబడింది. సారక్క ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"లోపల పిల్ల ఇంకా కొట్టుకుంటున్నదయ్యా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాదంతా ఆవిడ పడ్డ కష్టం ఆ వంద గుడ్లే. తలెత్తలేకపోయాను.

మరుక్షణం కొంగు బిగించి పక్క తండాలోని మోతీబాయికి ఫోన్ చేసింది. అరగంటలో మోతీబాయి, మరో ఇద్దరు ఆడవాళ్లు వానలో తడుస్తూ, పొదుగుకు కూర్చున్న ఎనిమిది కోళ్లను గంపల్లో తెచ్చారు. ఒక్కోదాని కింద పదకొండు గుడ్లు సర్దారు. పన్నెండు మిగిలాయి.

"ఒక కోడి తక్కువైంది సారక్కా," అంది మోతీబాయి.

సారక్క నావైపు చూసింది. "ఉన్నది గద! పొదుపు, పొదుపు అన్నవు గదనయ్యా. ఇగ పొదుగు!"

చుట్టూ వేడినీళ్ల సీసాలు, ఒళ్లో గుడ్లు, మీద బొంత. దగ్గు వచ్చినా మింగాను.

"కోళ్లు నడుమ లేసి గింజలు తింటున్నయి. నన్ను జర లేవనియ్యవా?"

"అవి పని తెలిసిన కోళ్లు. నువ్వు కొత్త."

అంతలో ఆవిడ పిలిపించిన హన్మంతు దిగాడు. ఈసారి లెక్క సారక్క చెప్పింది. "మిషను ఇరవై నాలుగు గంటలు. ముసురుకు మూడు దినాలు. దానికి ఎన్ని ప్లేట్లు, ఎన్ని బ్యాటరీలు కావాలో అన్ని పెట్టు. పిల్లలను అమ్మి కడత."

"టీవీ ఎన్ని గంటలక్కా?"

"దాన్ని నువ్వే తీస్కపో. బ్యాటరీల కింద జమ చేస్కో."

"అరె, నా టీవీ!" అని లేవబోయాను. ఒళ్లో ఏదో టప్పుమంది. ఒక ముక్కు బయటికొచ్చింది. నెమ్మదిగా కూర్చున్నాను.

మర్నాటికి వందలో తొంభై ఒక్క పిల్లలు బతికి బయటపడ్డాయి. నా వంతు పది. అవి కళ్లు తెరిచి మొదట చూసిన మొహం నాదే.

ఇప్పుడు మిషను రాత్రింబగళ్లు నడుస్తోంది. నేను గంగారంలో చాయ్‌కి నడిచి వెళ్తుంటే వెనకాల పది పిల్లలు వరుసగా వస్తున్నాయి. మొన్న హోటల్ ముందు తండా ప్రేమ్‌సింగ్ ఆపాడు.

"ఏం పోశాలన్నా, పిల్లలే ఉన్నయి, తల్లి ఏది?"

తల్లికోడి ఇంటి దగ్గరుందని బొంకుదామని నోరు తెరిచాను. అంతలో చినుకు పడింది. పదీ పరుగెత్తుకొచ్చి నా లుంగీ కింద దూరాయి.