తోమా ఇంటికి ఏలూరు నుంచి ఆఫీసరు

పొద్దున్నే తోమా ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో కుర్చీ వేశాడు. భార్య విక్టోరియా ఇల్లు మూడోసారి తుడిచింది. పది గంటలకు ఏలూరులోని పిల్లల సంరక్షణ కార్యాలయం నుంచి రమ్య అనే ఆవిడ రావాలి. దత్తతకు దరఖాస్తు పెట్టినవాళ్ళ ఇల్లు చూసి, ఇరుగుపొరుగును విచారించి, ఆవిడ బాగుందని రాస్తేనే వరసలో పేరు నిలుస్తుంది. ఆ తర్వాత బిడ్డ కోసం ఏళ్ళు ఆగాలి. అయినా విక్టోరియాకు ఫరవాలేదు. పన్నెండేళ్ళుగా ఊరికే చూసిన ఎదురుచూపు కంటే, నంబరున్న ఎదురుచూపు ఎంతో నయం.

ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే రోజూ "వచ్చిందా?" అని అడిగి ప్రాణం తీస్తారని భయం. మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో గుట్టుగా ఉంచాల్సింది చేపల చెరువుల సంగతి ఒక్కటేనని, మిగతావి ముందే చెప్పేసుకోవడం మంచిదని వాళ్ళకు తట్టలేదు.

రమ్య ఆటో దిగి, సత్తిబాబు టీకొట్టు దగ్గర ఫైలు తెరిచింది.

"తోమా గారి ఇల్లెక్కడండీ? ఆయనకి చేపల చెరువుందటగా?"

చేతిలో ఫైలు, నోట్లో చెరువు. ఆ ఊళ్ళో ఈ రెండూ కలిస్తే ఒకటే అర్థం: కొల్లేరును ఆక్రమించి తవ్విన చెరువులు చూడ్డానికి వచ్చారు, రేపో మాపో గట్లు కొట్టేస్తారు. సత్తిబాబుకు తోమా మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"తోమాకి చెరువేంటండీ! ఆడికి బిందెడు నీళ్ళకే దిక్కు లేదండీ."

రమ్య ముఖం వాడింది. రాసుకుంది. "పోనీ, సొంత ఇల్లుందా?"

టీకొట్టు దగ్గరే ఉన్న, తోమా ఎదురింటి పుష్పమ్మ అందుకుంది. "ఎక్కడిదండీ! మా పాకలో తలదాచుకుంటాడు. ఇప్పుడు అదీ లేదు, తాడేపల్లిగూడెం రైసుమిల్లులో బస్తాలు మోత్తన్నాడండీ."

"మరి ఆయన భార్య?"

ఇంత దూరం వచ్చాక భార్యను మాత్రం ఎందుకు మిగల్చాలి? "ఆవిడెప్పుడో పుట్టింటికి పోయిందండీ. ఇద్దరికీ క్షణం పడదు," అంటూ పుష్పమ్మ కళ్ళు ఒత్తుకుంది. రమ్య కలం మూసింది.

పదకొండు దాటింది. ఆఫీసరు దారి తప్పిందేమోనని తోమా వెతుక్కుంటూ బయల్దేరాడు. సందు మలుపులోనే సత్తిబాబు ఎదురొచ్చి, అతని నోరు నొక్కి, వలల కొట్లోకి తోసి గొళ్ళెం పెట్టేశాడు. "అరవకురా! నువ్వు తాడేపల్లిగూడెంలో ఉన్నావ్!"

ఆటో ఎక్కబోతున్న రమ్యకు తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. "ఏమిటండీ అది?"

"మేకండీ," అన్నాడు సత్తిబాబు.

"మేడం గారూ! నేనేనండీ, తోమానండీ!" అని మేక అరిచింది.

అప్పటికి విక్టోరియా పరుగున వచ్చింది. సంగతి విని రోడ్డు మీదే కూలబడింది. "ఎంత పని చేశావు పుష్పమ్మత్తా! ఆవిడ చెరువు కోసం రాలేదు. పాప కోసం వచ్చారు. నాకు పాపనివ్వచ్చో లేదో చూడ్డానికొచ్చారు..."

పుష్పమ్మ నెత్తి బాదుకుంది. సత్తిబాబు గొళ్ళెం తీసి, ఆటోకు అడ్డం నిలబడ్డాడు. "అదంతా కొట్టేయండి మేడం. ఆడికి చెరువుందండీ. చాలదంటే నాది కూడా ఆడి పేరే రాసేసుకోండి!"

"పాపొస్తే నీళ్ళు నేనే పోత్తానండీ," అంది పుష్పమ్మ. ఈసారి కన్నీళ్ళు నిజమైనవే. "ఈ పిల్ల పక్కింటి ఉయ్యాల కేసి చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోయేదండీ. అడిగితే ఏడుత్తాదని అడగలేదు."

రమ్య మూసిన కలం మళ్ళీ తెరిచింది. తర్వాత తోమా ఇంటికి వెళ్ళి, గదులు చూసి, మూడింటిదాకా కూర్చుంది. "మీ ఇంటి కాగితాలు దరఖాస్తులోనే ఉన్నాయండీ," అంది చివరికి. "మీకేదన్నా అయితే ఆ బిడ్డకు ఎవరున్నారని ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది దానికే తడబడతారు. మీ జవాబు నేను రోడ్డు మీదే విన్నాను."

"అయితే నేనింక ఎదురుచూడొచ్చాండీ?" అని అడిగింది విక్టోరియా.

"చూడొచ్చమ్మా. ఏళ్ళు పట్టొచ్చు."

విక్టోరియా తలుపు చాటుకు వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని, తనివితీరా ఏడ్చింది.

రమ్య ఏలూరు చేరాక రిపోర్టు చివర ఇలా రాసింది: "పొరుగువారి మాటలు బొత్తిగా నమ్మదగినవి కావు. పొరుగువారు నమ్మదగినవారు."