పదికి పది తెచ్చుకున్న కారు

మన దేశంలో కొత్త కారు కొన్నవాడికి చట్టం ఇచ్చిన రక్షణ ఆ కారులోని ఎయిర్‌బ్యాగు వంటిది. ఉందని పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్నవాడు వెళ్లి దేనికైనా గట్టిగా గుద్దుకుంటే తప్ప బయటికి రాదు.

పెదపాడులో తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన నెహెమ్యా గారు ఆ రక్షణ కిందికి వచ్చింది భార్య కోసం. హన్నమ్మకు ఏలూరులో డయాలిసిస్. అది చేయించుకుని ఆటోలో వచ్చేటప్పుడు ప్రతి కుదుపుకూ ఆమె కళ్లు మూసుకోవడం చూడలేక, తాడేపల్లిగూడెంలో కొత్త కారు కొన్నారు. షోరూమువాళ్లు కారుకు దండ వేసి, దంపతుల చేత కేకు కోయించారు. పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. (ఆ రోజు షరతులు లేకుండా దొరికిన హామీ అదొక్కటే.)

మొదటి వారంలోనే చేపల చెరువుల మధ్య కారు ఆగిపోయింది. కాసేపు విశ్రాంతి తీసుకుని మళ్లీ స్టార్టయింది. తర్వాత దానికదే అలవాటైంది. షోరూముకు తీసుకెళితే మాత్రం ఇన్‌స్పెక్షన్ రోజు వెనక బెంచీ పిల్లాడిలా బుద్ధిగా ఉండేది.

"కంప్యూటర్ పెట్టి చూశామండి. తప్పేం చూపించట్లేదండి," అన్నాడు సర్వీసు చూసే భానుప్రకాష్.

"ఆగిపోతోంది కదండీ మరి."

"మీ దగ్గర ఆగుతోందండి. మా దగ్గర ఆగట్లేదు."

కారును కడిగి ఇచ్చేవారు. (కంపెనీ వైద్యంలో ఏ జబ్బుకైనా మొదటి మందు స్నానమే.) తర్వాత భానుప్రకాష్ గొంతు తగ్గించేవాడు.

"సాయంత్రం కంపెనీ నుంచి ఫోనొస్తుందండి. పదికి ఎంతిస్తారని అడుగుతారు. పదే చెప్పండి మాస్టారూ. తొమ్మిదన్నా నా జీతంలో కోసేస్తారు. మొన్ననే పాప పుట్టిందండి."

నెహెమ్యా గారు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ వ్యాసానికీ పదికి ఏడు దాటి వేసిన మనిషి కాదు. కానీ పసిబిడ్డ తండ్రి జీతం కోయడానికి ఆయనకు నోరు రాలేదు. "పది అండీ," అనేవారు. ఫోనులో అమ్మాయి ఎంతో సంతోషించేది. రెండు రోజులకు కారు మళ్లీ చెరువుల మధ్య ఆగేది.

ఆసుపత్రి నుంచి వస్తూ హన్నమ్మ నడి ఎండలో రోడ్డు పక్కన కూలబడిన రోజున ఆయన వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టారు. కారు మార్చి ఇప్పించమన్నారు. కంపెనీ వకీలు వచ్చి ఒక్క కటువు మాట కూడా అనకుండా, ఆ ఫోన్ల రికార్డింగులు పెట్టి ఫిర్యాదుదారు గొంతునే అందరికీ వినిపించారు. పది అండీ. పది అండీ. మళ్లీ పది అండీ.

"లోపమున్న కారుకు ఎవరైనా పదికి పది ఇస్తారా మాస్టారూ?"

"కారుకు ఇవ్వలేదండి. ఆ అబ్బాయికిచ్చాను."

"అబ్బాయిని మార్చి ఇమ్మని మీరు అడగట్లేదు కదండీ."

"నేను చెబుతూనే ఉన్నానండీ," అంది హన్నమ్మ వెనక బెంచీలోంచి, "ఎనిమిదైనా అనండని."

కమిషన్ న్యాయంగా ఆలోచించి నిపుణుణ్ణి పంపింది. వాహన నిర్దోషిత్వ పరిశీలనాధికారి బాపిరాజు గారు వచ్చి నిబంధన చదివారు: లోపమనునది అధికారి సమక్షమున, పనివేళలలో, ఎవరి ప్రోద్బలమూ లేక తనంతట తాను బయటపడవలెను. కారు ఆయన్ను గుండుగొలను దాకా తీసుకెళ్లి తీసుకొచ్చింది. దగ్గు కూడా దగ్గలేదు. "ఇదిగోనండి, ఇక్కడే ఆగేది," అని నెహెమ్యా గారు చూపించిన చోటును ఎన్నడూ ఎరగనట్టు దాటిపోయింది.

ఇంటికొచ్చాక బాపిరాజు గారు వరండాలో కాఫీ తాగి, రిపోర్టు రాసి వినిపించారు. వాహనము నిర్దోషి. ఆగుట అనునది ఆ ప్రాంతపు లక్షణము కావచ్చును.

"అన్యాయం చేశాననుకోకండి మాస్టారూ. చూసిందే రాయాలి మేము."

"అలాగేనండి. మీకు రైలుందన్నారు కదా, రండి, ఏలూరు స్టేషన్లో దింపుతాను. మా ఆవిడకీ ఆసుపత్రి వేళైంది."

బాపిరాజు గారు కారు వంక చూశారు. గడియారం వంక చూశారు.

"వద్దులెండి, ఆటో పిలిపించండి. ఈ రైలు తప్పితే మళ్లీ రేపేనండి."

ఆటో వచ్చింది. ఆయన మర్యాదగా ఒక పక్కకు జరిగి హన్నమ్మకు చోటిచ్చారు. ఆమె కూడా వేళకు చేరవలసిన మనిషే.