టబ్బులో తామర

ఆ బుధవారం పొద్దున శాంత వేసుకున్న పథకం చాలా చిన్నది. కోరుట్ల బజారుకు పోవాలి, ఒక నూనె సీసా తేవాలి, మూడో కంటికి తెలియకుండా మొగుని నడుముకు రాయాలి. అంతే. ఇంత చిన్న పనికి ఊళ్లో సగం మంది తమ వాకిట్లోకి వస్తారని ఆమె కలలోనైనా అనుకోలేదు.

మొగుడు భూమేశ్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. కొత్త వీసా చేతికి అందినట్టే ఉంది, వచ్చే నెలలో మెడికల్ పరీక్ష ఒక్కటి మిగిలింది. సరిగ్గా ఇప్పుడే, బెల్టు కట్టే చోట, అతనికి మూడు గుండ్రటి మచ్చలు లేచాయి. తామర. మెడికల్‌లో చూస్తే ఫెయిల్ చేస్తారని అతని భయం. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆ వరండాలో కూర్చునేవాళ్లంతా ఎరిగినవాళ్లే. మాట ఏజెంటు శేఖర్ చెవిన పడిందంటే వీసా ఇంకొకనికి పోతుందని తిండి కూడా మానుకున్నాడు పాపం.

శాంతకు భయం కంటే ఆరాటం ఎక్కువ. ఏ సంగతినైనా అడుగంటా తెలుసుకోనిదే ఆమెకు నిద్ర పట్టదు. నిమ్మగడ్డి నూనె తామర మీద పనిచేస్తుందని ఫోనులో ఎవరో చెప్పగా వింది. నిజమా, నిజమైతే ఎట్లా, ఎన్ని చుక్కలు? అడగడానికి బక్కయ్య దుకాణమే తగినదనిపించింది. అక్కడ పూజ సామాను, మూలికలు, మొక్కల మందులు అన్నీ దొరుకుతాయి. రెండేళ్ల నుంచి ఇంట్లో తామర పూయించాలని చూసి చూసి ఓడిపోయిన మనిషి బక్కయ్య అని మాత్రం ఆమెకు తెలియదు.

"కాకా, తామరకు నిమ్మగడ్డి నూనె పనికొస్తదా?"

బక్కయ్య త్రాసు వదిలి లేచి నిలబడ్డాడు. "ఇంట్ల తామర ఉన్నదా బిడ్డా? ఎన్ని?"

"మూడు. మెల్లగ మాట్లాడు కాకా."

"పెద్దగైతున్నయా?"

"దినదినం పెద్దగైతున్నయి. గుండ్రంగ, అంచులు ఎర్రగ."

"గంత అదృష్టం ఎవలకుంటది," అన్నాడు బక్కయ్య నిట్టూర్చి. "నూనె మంచిదే, పురుగు దగ్గరికి రాదు. నీళ్లల్ల నాలుగు సుక్కలు ఎయ్యి. గాని నీళ్లు ముఖ్యం. పొద్దుమాపు నీళ్లల్లనే ఉండాలె. అడుగున చెరువుమట్టి పొయ్యి, మంచిగ ఎండ తగలనియ్యి."

శాంత ఆశ్చర్యపోయింది. మట్టి వైద్యం సంగతి ఫోనులో చెప్పలేదు. "మట్టెందుకు కాకా?"

"మట్టిలేంది ఎట్ల నిలుస్తది బిడ్డా? నాకొక అంటు ఇయ్యరాదు?"

"ఎవలన్న అడిగి అంటించుకుంటరా కాకా," అంటూ ఆమె సీసా కొంగులో దాచుకుంది. "ఎవలకు చెప్పకు."

"చెప్ప. తెలిస్తే మంది మీదవడ్తరు," అని మాట ఇచ్చాడు బక్కయ్య. మధ్యాహ్నం అన్నం తింటూ భార్య శంకరవ్వకు ఒక్కదానికే చెప్పాడు.

మర్నాడు పొద్దున వాకిట్లో ఎండ పడే చోట పెద్ద నీలం టబ్బు వెలిసింది. అడుగున చెరువుమట్టి, పైన నీళ్లు, మధ్యలో లుంగీతో భూమేశ్. నాలుగు చుక్కలకే ఇంత వాసన వస్తే పావు సీసాకు ఏమవుతుందో చూద్దామని శాంత పావు సీసా వంచేసింది.

"మండుతున్నదే," అన్నాడు భూమేశ్.

"ఎట్ల మండుతున్నది? సూదులు గుచ్చినట్టా, మిరపకాయ రాసినట్టా?"

"ఎట్ల మండితే ఏందే నీకు?"

అంతలో గేటు చప్పుడైంది. పువ్వు పెట్టుకుపోవడానికి ఇత్తడి చెంబుతో శంకరవ్వ, ఆమె వెనక చెంబులు పట్టుకుని వాడకట్టు ఆడవాళ్లు, వాళ్ల వెనక తల దించుకుని బక్కయ్య, అందరికంటే వెనక ఏజెంటు శేఖర్. భూమేశ్ గొంతు దాకా మునిగాడు.

"తామర సూద్దామని అచ్చినం బిడ్డా," అంది శంకరవ్వ. "ఏది?"

శాంత మొగుని ముఖం చూసే ధైర్యం లేక నేల చూసింది.

శేఖర్ టబ్బు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు. "ఎన్నున్నయి తమ్మీ? రేపు ఆఫీసుల పూజ ఉన్నది, నాకు అయిదు కావాలె."

"మూడే ఉన్నయన్నా," అన్నాడు భూమేశ్ ఏడుపు గొంతుతో. దాచి ఇక లాభం లేదనుకుని, బురద కారుతుండగా లేచి అందరికీ నడుము చూపించాడు. "మెడికల్‌కు ఇంక నెల ఉన్నదన్నా. అప్పటికి తగ్గుతయి. నీ కాళ్లు మొక్కుత, వీసా ఇంకొకలకు ఇయ్యకు."

చెంబులన్నీ ఒక్కసారిగా కిందికి దిగాయి.

"పువ్వు గాదా?" అన్నాడు బక్కయ్య.

"పువ్వని నేనెప్పుడన్న?" అంది శాంత.

"రోగమని గూడ అనకపోతివి గదా బిడ్డా."

ముందు శంకరవ్వ నవ్వింది, తర్వాత ఆ నవ్వు ఎవరూ ఆపలేకపోయారు. శేఖర్ ఒక్కడే నవ్వలేదు. భూమేశ్ చెయ్యి పట్టుకుని గోడ చాటుకు తీసుకుపోయాడు. వీసా పోయిందనుకుని శాంత వెనకాలే పరుగెత్తింది.

"తమ్మీ, నాకు గూడ తొడ మీద ఉన్నది, ఎండకాలం నుంచి," అన్నాడు శేఖర్ గొంతు తగ్గించి. "సిగ్గయి ఎవలకు చెప్పలే. జగిత్యాల డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదామా?"

ముగ్గురూ పోయారు. టబ్బు సంగతి విని డాక్టరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. తడే ఈ జబ్బుకు మేత అన్నాడు. ఒళ్లు పొడిగా ఉంచాలని, బట్టలు ఎండలో ఆరేయాలని చెప్పి, మానకుండా రాయమని క్రీమ్ ఇచ్చాడు.

"మరి నిమ్మగడ్డి నూనె ఉత్తదేనా సార్?" అంది శాంత.

"ఉత్తదేం కాదమ్మా. ల్యాబుల గాజుపలక మీద ఫంగస్‌ను సంపుతది. మనిషి మీద ఎంత పనిజేస్తదో ఇంక గట్టి రుజువు లేదు. అట్లనే పోస్తే తోలు కాలుతది."

"గాజు మీద సచ్చేది తోలు మీద ఎందుకు సావది సార్?"

"అదే పరీక్షలు జేస్తున్నరు," అని డాక్టరు గబగబా తర్వాతి పేషెంటును పిలిచాడు.

మెడికల్ నాటికి మచ్చలు మాయమయ్యాయి. భూమేశ్ పాసై ఇంటికొచ్చాడు, ముఖంలో మాత్రం ఏదో వెలితి.

"నడుము సూసిండ్రా?" అడిగింది శాంత.

"ఏడ సూసిండ్రు? రక్తం తీసుకున్నరు, ఎక్స్‌రే తీసిండ్రు, పొమ్మన్నరు. ఆగబట్టక నేనే అంగి ఎత్తి సూపిచ్చిన."

"ఏమన్నరు?"

"'ఈడ ఏమున్నదయ్యా' అన్నరు."

"మరెందుకు సూపిచ్చినవ్?"

"గింత సాఫైనంక ఒక్కలన్న సూడాలె గదనే."

శాంత అతని అంగీ పైకెత్తి, మర్యాద కోసం, ఇంకోసారి చూసింది.