ఎవరిదో కాలు

ఆ ఉదయం మాజీ బస్సు డ్రైవరు ఒకటే నిశ్చయించుకున్నాడు. మోకాలు మారుస్తే మార్చనీ, నోట్లోంచి కేక మాత్రం రాకూడదు. కనీసం భార్య అన్నకి వినిపించకూడదు. ఆ అన్న తన రెండు మోకాళ్లూ మార్పించుకుని, "కిక్కురుమన్నానంటే ఒట్టు!" అని కనబడినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ఆపరేషన్ బల్ల మీద నడుములో మత్తు సూది పడ్డాక డ్రైవరుకి కింది సగం మబ్బులో కలిసిపోయింది. పైన దీపం మంచులో హెడ్‌లైటులా కదిలింది. ఎక్కడో సుత్తి చప్పుడు. అడ్డుతెర పైకి ఒక కాలు లేచింది.

"ఎవరిదమ్మా ఆ కాలు?"

"మీరు పడుకోండి బాబాయ్," అంది నర్సు.

కాలు వంగింది, చాచుకుంది. ఆ మనిషి మూలగనైనా లేదు. 'పాపం, ఎంత ఓర్పు!' అనుకుంటూ డ్రైవరు, మొదటిసారి కిటికీ సీటు దొరికిన ప్రయాణికుడిలా నిద్రలోకి జారాడు.

వార్డులో కళ్లు తెరిచి భార్యతో అన్నాడు: "నాకింకా చెయ్యలేదే. ముందు ఇంకెవరికో చేశారు. మహానుభావుడు, చిన్న మూలుగు లేదు!"

ఆమె దుప్పటి ఎత్తింది. "మరి ఈ కట్టేమిటండీ?"

"ఇది ఆయన కాలే! నాదైతే నాకు తెలియదూ? పాదం గిల్లి చూడు."

గిల్లింది. ఆయన పలకలేదు. ఇంకా గట్టిగా గిల్లింది. ఆయన నవ్వాడు. ఆమె గబుక్కున దుప్పటి కప్పేసింది.

"అయితే నీ కాలు ఎవరి దగ్గరున్నట్టు బావా?" అంటూ మంచం పక్కనే కూర్చున్న ఆమె అన్న లేచాడు. కొత్త మోకాళ్ల మీద వార్డంతా తిరుగుతూ మంచం మంచానికీ దుప్పటి ఎత్తి చూశాడు. ఎవరో కెవ్వుమన్నారు. సెక్యూరిటీవాళ్లు ఆయన్ని రెక్క పట్టుకుని కిందికి తీసుకుపోయారు.

డాక్టరు వచ్చాడు. "మత్తు దిగలేదు, అంతే. అప్పటిదాకా మీ కాలు మీకే పరాయిది. సాయంత్రం వాకర్‌తో నిలబెడతాం."

"ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూపించండి డాక్టరుగారూ, దణ్ణం పెట్టుకుంటా."

అప్పుడే బొటనవేలికి తిమ్మిరి వదిలింది. వెనకే మడమ, పిక్క, చివరికి మోకాలు వచ్చి చేరాయి. మోకాలు ఒంటరిగా రాలేదు. డ్రైవరు వేసిన కేకకి కారిడార్లో ట్రాలీ ఆగిపోయింది.

"నాదే! నాదేనే బాబోయ్!"

నొప్పి తగ్గే సూది వేయించి, భార్య కిందికి వెళ్లి అన్నని విడిపించింది.

"ఇందాక అరిచింది మా బావేనా?" ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆయన కాదన్నయ్యా. ఆపరేషన్ థియేటర్లో చూశారే, ఆ పెద్దమనిషి."

"అంతేలే. అందరూ నాలాగా, బావలాగా ఓర్చుకోలేరమ్మా," అని అన్న నిట్టూర్చాడు.